గునపం స్టిక్కర్

“బస్సు దిగినంక ఏమైంది బాబూ?”

ఎప్పటిదో పాత పోస్టు కింద ఆ కామెంట్ చూడగానే శ్రీధర్‌కు ఒళ్ళు మండింది.

‘అడవి అంచు అడ్డా’ అనే ఫేస్‌బుక్ గ్రూపుకు అతను అడ్మిన్. పెనుబల్లిలో ప్రైవేటు స్కూలు టీచరు. బడిలో పిల్లలు కూడా అతని మాట వినరు గాని, అడ్డాలో మాత్రం అతను చెప్పిందే శాసనం.

భద్రాచలం నుంచి సత్తుపల్లి దాకా వేలమంది సభ్యులు. పొద్దున లేస్తే అన్నా, తమ్మీ అని ఒకరినొకరు తెగ పలకరించుకుంటారు. ఎదురుపడితే ఒకరినొకరు గుర్తు కూడా పట్టరు.

అక్కడ ఎవరైనా గొప్పలు పోతే అందరూ రాసేది ఒకటే మాట. “బస్సు దిగినంక మాట్లాడుదాం.” ఏ బస్సో, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ పట్టదు. అయినా పడీ పడీ నవ్వుతారు. అర్థం అడిగినవాడు చవట.

పాత పోస్టు కింద కామెంట్ పెడితే అది మళ్ళీ అందరికీ పైన కనబడుతుంది. అలా చేసినవాళ్ళంటే మరీ లోకువ. తవ్వకాలకు వచ్చారంటూ గునపం బొమ్మ స్టిక్కర్లు విసురుతారు.

రుక్మిణి అనే ఈ కొత్త మనిషి చేరిన దగ్గర్నుంచీ తవ్వుతూనే ఉంది.

“ఇందుల నవ్వేది ఏమున్నది?” అని ఒకచోట. “గీ మేక ఎవరిది?” అని ఇంకోచోట ఒక ఫొటో కింద.

గ్రూపుకు పండగే. గునపాల వర్షం కురిసింది.

“అక్కా, నిధి దొరికిందా?” అన్నాడొకడు.

“ఇంకా దొరకలే” అని బుద్ధిగా రాసింది.

శ్రీధర్ ఆమెకు విడిగా మెసేజ్ పెట్టాడు. “ఇంకోసారి తవ్వితే తీసేస్త.”

“తియ్యకు బాబూ. చూసేటివి ఇంకా శానా ఉన్నయ్.”

“అర్థం కానప్పుడు చూసి ఏం చేస్తవ్?”

“ఎప్పటికన్న అర్థమైతదేమోనని.”

ఇలాంటివాళ్ళ చేతికి ఫోన్ ఎవరిచ్చారో అని విసుక్కుని ఆమెను గెంటేశాడు. మళ్ళీ ఎవరూ తవ్వకుండా, ఆమె కామెంట్ పెట్టిన పాత పోస్టులన్నీ వెతికి మరీ డిలీట్ చేశాడు. అవి ఎవరు రాసినవో కూడా చూడలేదు.

‘అడ్డా శుభ్రమైంది’ అని ప్రకటించాడు. వందలమంది నవ్వారు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

మర్నాడు దానిష్ ఫోన్ చేశాడు. సత్తుపల్లిలో మొబైల్ దుకాణం అతనిది. అడ్డాలో శ్రీధర్ మొహం ఎరిగిన ఒకే ఒక్కడు.

“భాయ్, ఆ పోస్టులు వాపస్ వస్తయా?”

“రావు. ఏమైంది?”

“అన్నీ రూప్‌సింగ్‌వి.”

శ్రీధర్ నాలుక కరుచుకున్నాడు. రూప్‌సింగ్ ములకలపల్లి దగ్గరి తండా కుర్రాడు. అడ్డా మొదట్లో అందరినీ నవ్వించింది అతనే. ఆ బస్సు జోకూ అతనిదే. కొన్నాళ్ళుగా కనబడకపోతే అలిగాడనుకున్నారు. వేలమంది అన్నదమ్ముల్లో ఒక్కడూ ఫోన్ చేసి అడిగిన పాపాన పోలేదు.

“అయ్యో! మళ్ళీ రాసి పెట్టమను ఆయన్ని.”

“ఏం రాస్తడు భాయ్? పోయిన వానకాలం జ్వరమొచ్చి పోయిండు.”



“మరి నాకు చెప్పలేదేంది?”

“నాకే మొన్న తెలిసింది. రుక్మిణి దుకాణానికొచ్చి గ్రూపుల చేర్పియ్యమన్నది. నీకు చెప్తనంటే వద్దన్నది. తెలిస్తే మీరందరు నవ్వుడు ఆపేస్తరట.”

“ఇంతకీ ఎవరామె?”

“పోరడు ఫోన్ చూసుకుంట ఒక్కడే అంత ఎందుకు నవ్వెటోడో తెలుసుకుందామని వచ్చిన వాళ్ళమ్మ భాయ్.”