ఎలుగమ్మ మంచుపరుగు

చెట్లు కూడా తెల్లదుప్పటి కప్పుకునే ఒక అడవిలో, ఎలుగమ్మ కాళ్ళకి జారుడుచెక్కలు కట్టుకుని, చేతికో కర్ర పట్టుకుని ఇంటికి బయలుదేరింది. కొండ అవతల గుహలో పిల్లల్ని మొదటిసారి ఒంటరిగా వదిలి వచ్చింది. చీకటి పడితే బెదిరిపోతారని దాని గుండె పీకుతోంది.

భుజాల బలాన్నే నమ్ముకుని, పగబట్టినట్టు మంచుని కర్రలతో పొడిచింది. ఆయాసం పెరిగింది కానీ దారి తరగలేదు.

పక్కనుంచి జర్రున జారిపోతున్న కుందేలు ఆగి, "జారుతున్నావా, పచ్చడి నూరుతున్నావా అక్కా? చేతులతో లాగకు. నడుము వంచి ఒంటి బరువంతా కర్రల మీద వాల్చు. తోశాక కాసేపు ఊరికే ఉండు" అంది.

"ఊరికే ఉండాలా? పిల్లల తల్లిని, నావల్ల అవుతుందా!"

అయినా వాలి చూసింది. చెక్కలు వాటంతటవే సాగాయి.

కొండ ఎక్కేచోట మాత్రం కుందేలు సన్నచేతులు చాల్లేదు. వెనక్కి జారిపోతూ అది ఎలుగమ్మ నడుము పట్టుకుంది.

"ఒడుపు నీది, కండ నాది. వదలకు తమ్ముడూ!" అంటూ ఎలుగమ్మ ఇద్దరి బరువూ పైకి నెట్టుకుపోయింది.

పొద్దుండగానే గుహ చేరింది. లోపల పిల్లలు చలికాలమంతటికీ అని దాచిన తేనెపట్టులోంచి మూతులు పైకెత్తి, "అప్పుడే వచ్చేశావా అమ్మా?" అన్నారు దిగులుగా.