పేరు చెప్పని సర్వే

పోలింగ్ ఇంకా వారం ఉందనగా, ఎమ్మెల్యేకి తన సొంత వీధిలోనే ఓట్లు పడవని తేలింది.

తేల్చింది ఒక ఇంటర్న్.

రాజనీతి శాస్త్రం చదివే నలుగురు పిల్లలు సర్వే పని నేర్చుకుని, కాలేజీలో చూపాల్సిన సర్టిఫికెట్ తీసుకోవడానికి ఆయన ఇంటి ముందుగదిలోని ఆఫీసుకు వచ్చారు. ముగ్గురు "గాలంతా మనదే సార్" అన్నారు. నాలుగో అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నా వీధిలోనా?" ఎమ్మెల్యే బల్ల గుద్దాడు. "కుక్క కూడా నన్ను చూసి తోక ఊపే వీధే అది!"

"కుక్కలకి ఓటు లేదు సార్."

ఆయన ముఖం కందగడ్డ అయింది.

"ఎవరు వెయ్యనన్నారో చెప్పు."

"చెప్పను సార్. పేరు బయటపెట్టనని మాటిచ్చి అడిగాను. ఎందుకు వెయ్యరో మాత్రం చెప్తా. ఇంకా వారముంది, సరిదిద్దుకోవచ్చు."

"ఎందుకో నాకనవసరం. ఎవరో కావాలి! ఆ మూలింటి టైలరేనా?"

"వరసలో ఏ గుమ్మాన్నీ వదల్లేదు సార్. అంతకు మించి అడక్కండి."

మంచినీళ్ళు తెచ్చిన ఆయన భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏమండీ, ఆ పిల్ల చెప్పేది కాస్త..."

"రాజకీయాలు నీకెందుకే? లోపలికి పో!"

అమ్మాయి తల దించుకుంది.

"అవతలివాళ్ళు పంపారా నిన్ను? సర్టిఫికెట్టూ లేదు, గాడిద గుడ్డూ లేదు. నడు!"

"పేరు చెప్తే ఇస్తారా సార్?"

"ఇప్పుడే సంతకం పెడతా."

ఆయన పెన్ను మూత తీశాడు. అమ్మాయి సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఫలితాల రోజున ఎమ్మెల్యే మాజీ అయ్యాడు. సొంత వీధిలోనూ పరువు దక్కలేదు.

"ఆ పిల్లని పిలిపించు," అన్నాడు పీఏతో.

"ఎక్కడినుంచి పిలిపించను అన్నా? సర్టిఫికెట్ లేకపోతే ఏడాది పోయినట్టేనట. చదువు మానేసి వెళ్ళిపోయింది."

"మరి ఆ ముగ్గురూ?"

"మన వరండాలో కూర్చునే ఫారాలన్నీ నింపేశారట. మీరిచ్చిన సర్టిఫికెట్లు చూపించి, గెలిచినాయన దగ్గర చేరిపోయారు."

మాజీ ఎమ్మెల్యే చేతిలోని గ్లాసు గోడకు తగిలి భళ్ళుమంది.

"ఎవడు? నా వీధిలో నా గొంతు కోసింది ఎవడు?"

గాజుపెంకులు ఏరుతున్న భార్య లేచి నిలబడింది. మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేనే. ఆ అమ్మాయి మన గుమ్మం కూడా తట్టింది. మీకు వెయ్యనన్నాను, వెయ్యలేదు. వీధిలో ఆడవాళ్ళందరినీ వెయ్యొద్దన్నదీ నేనే. ఎందుకో మీరెప్పుడూ అడగలేదు. ఆ రోజు నా పేరు చెప్పుంటే దానికి సర్టిఫికెట్ వచ్చేది, నాకు వీపు చిట్లేది. ఇన్నేళ్ళలో ఈ ఇంటికొచ్చి 'మీరేమనుకుంటున్నారమ్మా' అని నన్నడిగింది ఆ పిల్ల ఒక్కతే."