గ్లాసు నిండుగా, టీ వేడిగా

ఈ ఆదివారం కూడా టీ ఒలికింది.

కొండ మీది టీకొట్టు ముందు కారాపి, డ్యాష్‌బోర్డు మీది గ్లాసు వంక చూసి ఉసూరుమన్నాడు అల్లుడు. ఇల్లరికం వచ్చిన మనిషి. వీధి వీధంతా అల్లుడుగారనే పిలుస్తుంది కాబట్టి మనమూ అలాగే పిలుచుకుందాం.

ఆ కొండకు రెండు టీకొట్లు. కిందిది భర్తది, పైది భార్యది. కింద ఆయన పొగలు కక్కే టీ గ్లాసు అంచుదాకా పోసి ఇస్తాడు. దాన్ని కార్లో పెట్టుకుని, మెలికలు తిరిగే దారంతా ఎక్కి పైన ఆవిడకు అప్పగించాలి. మెల్లగా వస్తే టీ చల్లారుతుంది. దూకుడుగా వస్తే ఒలుకుతుంది. నిండుగా, వేడిగా తెచ్చిన వాళ్ల గ్లాసుకు ఆవిడ ఎర్రదారం కట్టి అరలో పెడుతుంది. బహుమానం అంతే. దానికోసం ఊళ్లో కార్లున్నవాళ్లలో సగం మందికి నిద్ర పట్టడం లేదు.

చాలా వారాలుగా ఆ ఎర్రదారం ఒక్కరిదే. ఎవరయ్యా అంటే ఆవిడ చెప్పదు. శనివారాలు వస్తారంటుంది, పేరు బయటపెట్టనని మాటిచ్చానంటుంది. అల్లుడి కారు కనబడగానే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. అల్లుడికి ఒళ్లు మండిపోయేది. మొహమైనా చూడని ఆ ప్రత్యర్థికి శనిగాడని పేరు పెట్టుకున్నాడు.

శనిగాణ్ణి ఓడించాలంటే కారు నడక మారాలి. నడక మారాలంటే కారు గ్యారేజీకి వెళ్లాలి. ఇంట్లో చెప్పడానికి సాకు మాత్రం సిద్ధంగా ఉంది. అత్తగారి నడుం.

“మలుపు తిరిగితే చాలు, కారు ఓ పక్కకి ఒరిగిపోతోంది నాయనా. నడుం పట్టేసింది” అని ఆవిడ మూలిగింది. అల్లుడు లోపల ఎగిరి గంతేశాడు. పైకి మాత్రం అయ్యో పాపం అనుకుంటూ వెళ్లి, కారు ఒరగకుండా ఆపే కడ్డీ వేయించాడు. బ్రేకు వేస్తే కారు తల వాల్చేస్తోందని మళ్లీ మూలిగింది. షాకబ్జార్బర్లు మారిపోయాయి. తర్వాత, కొత్త స్ప్రింగులు మరీ బిర్రుగా ఉన్నాయనీ, గతుకు తగిలితే వెనక చక్రాలు నేల వదిలేస్తున్నాయనీ మూలిగింది. ఆ స్ప్రింగులు తీసేసి కాస్త మెత్తనివి పడ్డాయి.

మెకానిక్ ముక్కున వేలేసుకున్నాడు. “మీ అత్తగారి నడుం సామాన్యమైంది కాదు సార్. వారం రోజులు నేను తిప్పినా ఇంత కచ్చితంగా పట్టుకోలేను.”

పెద్దవాళ్ల ఎముకలు అంతేనన్నాడు అల్లుడు.

విచిత్రం ఏమిటంటే, కారు బాగుపడిన ప్రతిసారీ అల్లుడి గ్లాసు మునుపటికంటే నిండుగా చేరేది. శనిగాడి గ్లాసు అంతకంటే నిండుగా, ముందురోజే చేరిపోయేది. మెకానిక్కే గుట్టు అమ్ముకుంటున్నాడని అనుమానం వచ్చి వెళ్లి నిలదీశాడు. మెకానిక్ చేతిలోని స్పానర్ మీద ఒట్టేశాడు. నమ్మక చస్తాడా.

ఇంట్లో మరో చికాకు. అల్లుడు బస్సెక్కి ఆఫీసుకు పోయాక, వారానికోసారి తల్లీకూతుళ్లిద్దరూ కారేసుకుని నడుం డాక్టరు దగ్గరికి వెళ్లొస్తారు. వచ్చేసరికి డ్రైవరు సీటు ముందుకు జరిగిపోయి ఉంటుంది. నడుం దిండు ఏ సీట్లో పడితే ఆ సీట్లో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే అవన్నీ గొణుక్కుంటూ సర్దుకోవడం అల్లుడి పని.

చివరికి డ్యాష్‌బోర్డు మీది టీ మరకలు కొంప ముంచాయి.

“ఇవేమిటండీ?” అంది భార్య.

ఒప్పుకోక తప్పలేదు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా వింది. అరిచి గోల చేస్తుందనుకుంటే, తీరిగ్గా ఓ పందెం పెట్టింది. వచ్చే ఆదివారమే ఆఖరు. ఎర్రదారం తెస్తే ఆయన ఇష్టం, కారుకు రెక్కలు పెట్టించుకున్నా అడగదు. తేలేకపోతే తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి, ఆదివారాలు కూడా బుద్ధిగా బస్సుల్లోనే తిరగాలి.

అల్లుడు మీసం దువ్వాడు. సరేనన్నాడు. ఆ వారమే కొత్త టైర్లు వేయించాడు.

ఆదివారం కారు చెప్పినట్టు విన్నది. స్టీరింగు ఎటు తిప్పితే అటు ఒదిగిపోయింది. ఒరగలేదు, ఊగలేదు, ఎగరలేదు. అల్లుడికి ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. దాదాపు చివరిదాకా ఒక్క చుక్క తొణకలేదు. విరిగిన రెయిలింగు మలుపు దగ్గర మాత్రం ఎందుకో గుండె జారింది. బ్రేకు మీద కాలు పడింది. గ్లాసు అంచు నుంచి సన్నటి ధార కిందికి కారింది.

టీకొట్టావిడ గ్లాసు అందుకుని బుగ్గకు ఆనించి చూసింది. “వేడి బాగుంది బాబూ. నిన్నటి గ్లాసు మాత్రం అంచుదాకా ఉంది మరి.”

తిరుగుదారంతా అల్లుడు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చాక ఓడిపోయానన్నాడు, అంతే. ఎక్కడ ఒలికిందో, ఎలా ఒలికిందో నోరు విప్పి చెప్పలేదు. భార్య కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. పాపం, తనకోసం ఏడుస్తోందనుకున్నాడు. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న అత్తగారి చేతిలో తాళంచెవి పెట్టి తలొంచుకున్నాడు.

“బాధపడకు నాయనా” అంటూ అత్తగారు తాళంచెవి గుప్పిట్లో బిగించింది. “విరిగిన రెయిలింగు మలుపులో నువ్వు బ్రేకు తొక్కుతావు చూడూ, నేనెప్పుడూ తొక్కను.”