ఫ్లాస్కులో కషాయం

నాన్న గుండెను అన్నేళ్ళు ఆడించింది ఆ బెరడు పొడా, దేవుడి దయా?

దర్జీ ఆవిడకు ఈ అనుమానం ఏళ్ళ తరబడి ఉంది. దేవుణ్ణే అడిగింది. ఆయన పెదవి విప్పలేదు.

నాన్న మాత్రం పోయేముందు పొడి పొట్లం మీది బొమ్మ చూపించాడు. ఒత్తు జుట్టు, బుర్ర మీసాలు, గుచ్చి చూసే కళ్ళు. ఆ పొడి తయారుచేసే వైద్యుడి బొమ్మ.

"ఈయన ఎప్పుడైనా కనబడితే నా బదులు ఒక దండం పెట్టమ్మా. బాకీ పడిపోయాను."

పొట్లాలు కొట్లో దొరికేవి. వైద్యుడెక్కడ దొరుకుతాడు? దండం అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు ఆవిడకే క్యాన్సర్. ఎక్కించే ఎర్రమందు గుండెను దెబ్బతీయవచ్చని ఆస్పత్రిలో ముందే చెప్పారు. మళ్ళీ మిషన్ తొక్కాలంటే గుండె నిలవాలి. అందుకే నాన్న వాడిన ఆ పొడి కషాయం ఫ్లాస్కులో తెచ్చుకుని, టీ అని చెప్పి తాగుతోంది.

పక్క కుర్చీలో ఒక ముసలాయన. ఆయన చేతికీ అదే ఎర్రమందు. తల మీద వెంట్రుక లేదు, కనుబొమలు లేవు, మొహం ఒలిచిన గుడ్డులా ఉంది. చూపు మాత్రం ఎప్పుడూ ఆవిడ ఫ్లాస్కు మీదే.

కూపీలు లాగే 'పత్తేదారు' అని లోలోపల పేరు పెట్టుకుంది.

"టీ ఇంత వగరు వాసన వేయదే తల్లీ," అన్నాడొకరోజు.

"నా టీ నా ఇష్టం తాతగారూ. మధ్యలో మీ ముక్కుకేం పని?"

"డాక్టరమ్మకు చెప్పావా?"

"చెబితే మానమంటుంది."

"అయితే మానెయ్."

"మా నాన్నను నిలబెట్టిన మందు ఇది. దీని సంగతి మీకేం తెలుసు?"

"మీ నాన్నకు ఈ ఎర్రమందు ఎక్కించారా?"

"లేదు."

"మరి రెండూ కలిస్తే ఏమవుతుంది?"

"మీకు తెలుసా?"

"తెలియదు. తెలియదు కాబట్టే అడ్డం పడుతున్నా."

అక్కడితో ఆగలేదు. నర్సును పిలిచి ఫ్లాస్కు చూపించాడు.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

నర్సు తిట్టలేదు. ఫ్లాస్కు మూత తీసి, వాసన పోల్చుకుని పక్కన పెట్టింది.

"ఈ పొడి మీదే ఇక్కడ పరీక్ష జరుగుతోందమ్మా. కొందరికి పొడితో చేసిన మాత్ర, కొందరికి ఉత్త పిండి మాత్ర. ఎవరికి ఏదో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. అందరి గుండెలూ చూస్తూ ఉంటాం. డాక్టరమ్మ సరేనంటే మీరూ చేరొచ్చు."

"పిండి మింగే ఖర్మ నాకేం పట్టింది?"

"నేను చేరాను," అన్నాడు ముసలాయన.

"మీకు పిండే వచ్చిందేమో."

"రానీ. మందు మంచిదైతే తేలుతుంది. కాకపోతే అదీ తేలుతుంది. ఇలా దొంగచాటుగా తాగితే ఏదీ తేలదు."

ఆవిడ మొహం తిప్పుకుంది.

మర్నాడు ఇంట్లో కషాయం పెట్టబోయి పొయ్యి ఆర్పేసింది. ఆయన మీద కోపంతోనే ఆర్పింది.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళేసరికి పక్క కుర్చీ ఖాళీ.

"పోయారమ్మా," సూది గుచ్చుతూ అంది నర్సు. "ఫ్లాస్కు అమ్మాయి మానేసిందా అని చివరిదాకా అడిగారు."

"గుండేనా?"

"కాదు, జబ్బే ముదిరింది. గుండె ఆఖరిదాకా గట్టిగానే కొట్టుకుంది."

"అయితే ఆయనకు పొడే ఇచ్చారు."

"ఏమో. పరీక్ష ముగిసేదాకా ఎవరికీ తెలియదు."

ఆవిడ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"పోతూ పోతూ కూడా తన పంతమే నెగ్గించుకున్నాడు పత్తేదారు. నన్నూ చేర్చుకుంటారేమో డాక్టరమ్మను అడుగు. పొడో పిండో, ఏదొచ్చినా సరే."

మిగిలిన పొట్లం నర్సుకు ఇచ్చేద్దామని సంచిలోంచి తీసింది.

పట్టుకున్న వేళ్ళ కింద బొమ్మలోని జుట్టూ మీసాలూ దాగిపోయి, కళ్ళు మాత్రం మిగిలాయి.

ఇన్నాళ్ళూ తన ఫ్లాస్కును గుచ్చి చూసిన కళ్ళు అవేనని తెలిసి, ఆవిడ సూది గుచ్చిన చేతిని రెండో చేతితో కలిపి, నాన్న బాకీ పడ్డ దండం ఖాళీ కుర్చీకి పెట్టింది.