మెల్లగా లాగాలి

“ఇంకా స్పీడు పెంచండి మామయ్యా! అలల దెబ్బకి ఆ ఓడ ముక్కలైపోయేలా ఉంది!” చుక్కాని పట్టుకున్న అల్లుడు అరిచాడు.

ఓడల్ని లాగే వాళ్ళ టగ్గు పడవ వెనక, తాడు చివర, ఇంజను ఆగిపోయిన యుద్ధనౌక రాళ్ళ మీదికెక్కి ఒరిగిపోయింది. డెక్కు మీద నావికులు కమ్ములు పట్టుకుని వేలాడుతున్నారు.

టగ్గు కెప్టెనైన మామగారు స్పీడు పెంచలేదు.

“నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఈ టగ్గుతో ఇన్ని ఓడల్ని కాపాడారు, మీకసలు భయమే లేదా?”

“నా మోకాళ్ళు చూడు.”

అల్లుడు చూశాడు. మామగారి ప్యాంటు గాలికి ఊగుతోందనుకున్నాడు. తలుపులు మూసిన ఆ క్యాబిన్లో గాలి లేదు.

“టగ్గు ఎక్కిన రోజు నుంచీ ఇంతే. నా ముందున్న కెప్టెన్‌కి భయమంటే తెలీదు. ఇలాంటి గాలివానలోనే ఒక్కసారిగా ఫుల్ స్పీడు పెట్టాడు. తాడు తెగింది. ఆ ఓడలో ఒక్కడూ మిగల్లేదు. అప్పుడు చుక్కాని దగ్గర నేనున్నాను.”

అల్లుడు వెనక్కి తిరిగి తాడు వంక చూశాడు.

పెద్ద అల వచ్చి యుద్ధనౌకను పైకెత్తింది. కెప్టెన్ స్పీడు లివరును కొద్దిగా, కొద్దిగానే ముందుకు తోశాడు. తాడు మూలిగింది. నౌక రాళ్ళు దిగి నీళ్ళలోకి జారింది.

నావికులు కేకలు పెడుతూ చేతులూపారు.

“మీరూ చెయ్యి ఊపండి మామయ్యా!”

“వేళ్ళు రావడం లేదయ్యా.”

లివరుకు బిగుసుకుపోయిన ఆ వేళ్ళను అల్లుడు ఒక్కొక్కటే విడదీశాడు. వణుకుతున్న తన చేతిని వాటి చోట పెట్టాడు.