చేతిమర పిడి

"పట్టుకోండి రామమ్మగారూ, చెయ్యి నొప్పే పుట్టదు," అంటూ బ్యాటరీలతో జొన్నలు విసిరే చేతిమరను అందించాడు ఇంజనీరు శేషగిరి. దాని తూకం కుదర్చడానికి అతనికి ఏడాది పట్టింది.

రామమ్మ వేళ్లు పిడి చుట్టూ అందలేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"మరి జొన్నలు ఏ చేత్తోని పొయ్యాలె సారూ? గీ పిడికి ఎవరి చెయ్యి కొలిచిన్రు?"

శేషగిరి పక్కనే కూర్చున్న గుర్వయ్యను చూపాడు. "మీ ఆయనదే! కోస్గి ఊరి పెద్దమనుషులు ఇంకో పదిమందివి కూడా."

"గాళ్లు ఎన్నడన్న ఇసుర్రాయి పట్టిన్రా?"

శేషగిరి కొలతల పుస్తకం తిరగేశాడు. గాజులు తొడిగిన చెయ్యి ఒక్కటీ లేదు.

రామమ్మ చేతిమరను గుర్వయ్య చేతిలో పెట్టింది. పిడి అతని గుప్పిట్లో చక్కగా ఇమిడింది.

"కొలత మంచిగనే కుదిరింది సారూ. రేపటి సంది మా ఇంట్ల ఇసురుడు గీయనదే," అంటూ జొన్నల చాటను మొగుడి ముందుకు జరిపింది.