పాత గూడు

మా కాలనీలో ఇంటికో పామును పెంచుకోవడం మొదలయ్యాక, వాటికి తిండి పంపే పని మా ఎలుకల కేంద్రానికి వచ్చింది. ఎలుకను ప్రాణంతో పాముకు వెయ్యకూడదు, భయపెట్టి చంపకూడదు. అందుకే మా దగ్గర వాటిని నిద్రలోనే చంపే మత్తుగాలి పెట్టె ఉంది. లోపలున్న ఎలుకలన్నిటి గుండె నెమ్మదించి పచ్చదీపం వెలిగితేనే అది గాలి వదులుతుంది.

ఆ రోజు పొద్దున్న దీపం ఎర్రగానే ఉండిపోయింది. ఎలుకలు మూలల్లో ముడుచుకుని వణుకుతున్నాయి.

కొత్తగా పనిలో చేరిన ఫర్హానా ఏడుపు మొహం పెట్టింది. "పెట్టెను ఫినాయిల్‌తో కడిగి కొత్త గుడ్డలు పరిచానక్కా. ఆఖరిసారి కదా, శుభ్రంగా ఉండాలని."

"శుభ్రం నీకూ నాకూనమ్మా. వాటికి అది పరాయి ఇల్లు" అని విసుక్కున్నాను.

ఎలుకలను బయటికి తీసి, పెట్టెను ఉత్త నీళ్ళతో నాలుగుసార్లు కడిగించాను. అవి పెరిగిన బోనులోంచి తీసి చెత్తబుట్టలో పారేసిన పాత గూడును, నమిలిన కాగితాలూ పీచూ ఉచ్చకంపుతో సహా తెచ్చి పరిచాను. ఎలుకలు వాసన చూశాయి. ఒకదాని మీద ఒకటి పడి కాగితాల్లోకి దూరాయి. కాసేపటికి పచ్చదీపం వెలిగింది. గాలి మెల్లగా నిండుతుంటే ఒక్కటి కూడా తలెత్తలేదు.

"వాటికి తెలియలేదు కదక్కా?"

"తెలియలేదు. నిద్ర పట్టిందంతే."

ఫర్హానా టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించాక అడిగింది.

"మధ్యాహ్నం ఒక గంట వెళ్ళొస్తానక్కా. ఆసుపత్రిలో మా నానీకి, అదే మా అమ్మమ్మకి, వారం నుంచి నిద్ర లేదు. ఇంట్లో ఉన్న ఆమె పాత బొంత తీసుకెళ్తాను, ఉతక్కుండా."